గుర్రం జరిగింది

జనవరి 9

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. పురుగుమందుల దుకాణంవాళ్లు ఏటా ఇచ్చే డైరీలో నేను ఇంతవరకూ ఒక్క అక్షరం రాసిన పాపాన పోలేదు. అట్ట చించి దాని మీద రంగులు కలుపుకుంటాను, కాగితాలతో కుంచెలు తుడుచుకుంటాను. ఇవాళా అట్ట చించబోయాను. చిరగలేదు. ఈసారి గట్టి అట్ట వేయించారు. చిరగని పుస్తకాన్ని ఏం చేసుకోను? అందుకని రాస్తున్నాను.

ప్రతి పేజీ అడుగునా రైతుకు ఒక సలహా అచ్చు వేశారు. ఇవాళ్టిది: ‘పూమొగ్గ దశలో తేనెమంచు పురుగు ఉనికిని గమనించండి.’ గమనించాను. ఉంది.

జయకర్ గారు సోమవారం వెళ్లారు. మంగళవారం రాలేదు, నిన్న రాలేదు, ఇవాళ రాలేదు. కాయ లేని కాలంలో, ఆదివారం చర్చి తప్పితే, పొద్దున పదింటికి ఆయన సైకిలు స్టాండు చప్పుడు ఈ షెడ్డు గుమ్మంలో వినపడని రోజులు పద్దెనిమిదేళ్లలో వేళ్ల మీద లెక్కపెట్టచ్చు.

ఏమీ జరగలేదు. వెళ్లేముందు నా వార్నిష్ గురించి ఒక మాటన్నారు, అంతే. అన్నది ఆయన, పడ్డది నేను. అలిగితే నేను అలగాలి.

జనవరి 10

రాలేదు.

జనవరి 13

తోచక బల్ల సంగతి రాస్తున్నాను. నాకు తెలిసిందే నాకు చెప్పుకోవడం. వినేవాళ్లు లేనప్పుడు అదొక సుఖం, మధ్యలో లేచిపోయేవాళ్లు ఉండరు.

షెడ్డు లక్ష్మీనరసింహారావు గారిది, తోటా ఆయనదే. కాయ కాలంలో ఇక్కడ యాభై మంది ఉంటారు. నేను పెట్టెల మీద రేకు అచ్చు పెట్టి తోట పేరు వేస్తాను. మిగతా తొమ్మిది నెలలు నేనొక్కణ్నే, కాపలా. కాయలు ఏరి రకాలు విడదీసే బల్ల ఇరవై అడుగుల పొడుగు. ఆ తొమ్మిది నెలలూ అది మాది. టెంటుహౌసువాళ్లు వద్దనుకున్న ఆకుపచ్చ గుడ్డ పరిచి, కింద రంపపుపొట్టు పోసి గుట్టలు లేపి, ఎండిన మామిడి పూతకాడలు గుచ్చి తోపులు నాటుతాం. కాయ రాలిపోయిన పూతకాడ ఎండితే అచ్చు మోడుచెట్టులా ఉంటుంది. ఇది కనిపెట్టింది నేను, జయకర్ గారు కాదు. ఎక్కడైనా రాసి ఉండాలి కాబట్టి ఇక్కడ రాశాను.

దాని మీద నాలుగొందల మంది సైనికులు. ఒక్కొక్కడు బొటనవేలి మీది కణుపంత. చందుర్తి యుద్ధం. బందరు ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్న రోజుల్లో ఇంగ్లీషువాళ్లూ విజయనగరం రాజూ ఒకవైపు, ఫ్రెంచివాళ్లు ఒకవైపు. జయకర్ గారు ఎప్పుడూ ఇంగ్లీషువాళ్లే, ఎర్రకోట్లు. రిటైరైన మండల సర్వేయరాయన, సర్వీసంతా గొలుసు పట్టుకుని పొలాలు కొలిచారు. “ఈ దేశానికి హద్దురాళ్లు వేసింది వాళ్లయ్యా సాంబయ్యా, మనం కృతజ్ఞత చూపించాలి,” అంటారు. నాకు ఫ్రెంచివాళ్లు మిగిలారు. చరిత్రలో ఓడిపోయారు, బల్ల మీదా ఓడిపోతున్నారు.

గుర్రం ఒక వంతులో పన్నెండు అంగుళాలు పోవచ్చు, నడిచేవాడు ఆరు. దెబ్బ తగిలిందీ లేనిదీ పాచిక చెబుతుంది. కొలిచే టేపు మాత్రం ఆయన జేబులోదే. ఏలూరులో పాత పుస్తకాల కొట్లో దొరికిన ఇంగ్లీషు పుస్తకం పట్టుకుని ఇదంతా నేర్చుకున్నాం. ఆయన డిక్షనరీతో చదివారు, నేను బొమ్మలతో చదివాను. కొన్నిచోట్ల నేనే కరెక్టు. మొదటి నలభై మందినీ కొండపల్లి నుంచి తెచ్చిన పొనికి చెక్క ముక్కలతో చెక్కాను. ఇప్పుడు విజయవాడలో ఇమ్మానుయేల్ అని ఒకాయన మిషను మీద పోతపోసి కొరియర్లో పంపిస్తాడు. పెట్టె విప్పితే అందరూ ఒకటే బూడిదరంగు. నేను కోటు వేసేదాకా ఎవడు ఎవడికి శత్రువో వాళ్లకే తెలీదు.

వానలు వెనకబట్టాక మొదలుపెడతాం, కాయ దిగేలోపు ముగిస్తాం. కాయ దిగితే బల్ల కాయది. పదిహేడేళ్లలో పదిహేడు యుద్ధాలు, సగంలో మూటకట్టింది ఒక్కటీ లేదు. పదిహేడూ నేనే ఓడాననేది వేరే సంగతి.

ఈ పద్దెనిమిదోది, ఆయన రాకపోతే, సగంలో పోతుంది. కాయకి ఇంకా రెండున్నర నెలలుంది. వస్తారు.

జనవరి 20

బల్ల మీద పాత దుప్పటి కప్పాను. దుమ్ము పడుతుందని. వేరే కారణం ఏమీ లేదు.

పున్నమ్మ తోటలో పుల్లలు ఏరుకుని పోతూ తలుపు దగ్గర ఆగింది. ఈ చుట్టుపక్కల తోటలన్నిట్లో పని చేస్తుంది, నోరు మాత్రం నా తోటలో చేసుకుంటుంది.

“ఏంటి బాబాయ్, గొలుసుసారు కనపడ్డం లేదు?”

“చలికాలం కదా. మోకాళ్లు.”

“నిన్న రైతుబజార్లో చూశా. గొంతుక్కూచుని కాకరకాయలు ఏరుకుంటన్నారు. మోకాళ్లు భేషుగ్గా ఉన్నాయి.”

నేను కుంచె తుడుచుకున్నాను.

“పోట్లాడుకున్నారా?”

“ఏం జరగలేదే.”

“ఏం జరక్కపోతే మనిషి ఎందుకు రాడు? నువ్వేదో అనుంటావ్. నీ నోరు నాకు తెలవదా?”

నా నోరంట.

దుప్పటి అంచు ఎత్తి లోపలికి తొంగి చూసింది. “మనుషుల కంటే ఈళ్లే నయం బాబాయ్. అన్నం అడగరు, అలగరు. నిలబెట్టిన కాడ నిలబడతారు.”

దుప్పటి వదిలెయ్యమని కసురుకున్నాను. అంత గట్టిగా కసరక్కర్లేదు. సాయంత్రం వంకాయకూర గిన్నె తెచ్చి గుమ్మంలో పెట్టి, పలకరించకుండా పోయింది.

జనవరి 27

వార్నిష్ సంగతి నేను ఎంత ఆలోచించినా మింగుడు పడటం లేదు. నూజివీడు నుంచి చింతలపూడి దాకా నలభై ఏళ్లు ఈ చేత్తో వార్నిష్ వేసిన బోర్డులు. ఫ్లెక్సీలొచ్చి బోర్డులు పోయాయి గానీ నా వార్నిష్ లేచిపోయిందని అన్నవాడు లేడు. ఆ రోజు పొద్దున మంచు పడుతోంది నిజమే. గుర్రానికి ఆ పొద్దునే పూసిన మాటా నిజమే. కాస్త జిగట ఉండి ఉంటుంది. దానికి టేపు మడిచి జేబులో పెట్టుకుని, టీ మిగలకుండా తాగి, “వార్నిష్ ఆరలేదయ్యా సాంబయ్యా,” అని సైకిలెక్కి వెళ్లిపోవాలా?

ఆయన చెప్పిన కథొకటి గుర్తొచ్చింది. ఎందుకు గుర్తొచ్చిందో తెలీదు, రాస్తాను. ఆయన ఉద్యోగంలో కొత్త. జి. కొండూరు వైపు ఇద్దరు అన్నదమ్ముల పొలాల మధ్య హద్దురాయి. ఏడాదికోసారి అర్జీ, ఏడాదికోసారి గొలుసు పట్టుకుని ఈయన. వెళ్లినప్పుడల్లా రాయి మూరెడు అటో, మూరెడు ఇటో ఉండేదట.

“ఎవరు జరిపారయ్యా?” అని అడిగేవారట ఈయన.

“ఎవరూ జరపలేదండీ. జరిగింది,” అనేవాళ్లట ఇద్దరూ ఒకే గొంతుతో. అన్నదమ్ములు ఆ ఒక్క ముక్కలోనే ఏకమయ్యేవాళ్లట.

ఇది చెప్పి జయకర్ గారు పడీపడీ నవ్వేవారు. “ముప్పయ్యేళ్ల సర్వీసులో నేను జరిపానండీ అన్న రైతును ఒక్కణ్ని చూళ్లేదు సాంబయ్యా. అన్ని రాళ్లూ వాటంతట అవే జరిగాయి. వానొచ్చినట్టు, పెళ్లి జరిగినట్టు.” తర్వాత నవ్వు ఆపి ఒక మాట చెప్పేవారు. “రాయిని చూడకూడదు. రాయి కొత్తచోట నిలబడి ఏదైనా చెబుతుంది. పాత గుంట వెతకాలి. గుంటకి అబద్ధం రాదు.”

ఈ కథ నాకు ఎన్నిసార్లు చెప్పారో. వందసార్లు.

ఫిబ్రవరి 3

ఒక బొమ్మ మొదలుపెట్టాను. ఎర్రకోటువాడే. కత్తి దూసిన ఆఫీసరు. కత్తి విరిచేసి, చేతిలోంచి సన్నటి రాగితీగ వేలాడదీసి, తీగకు ముడులు వేశాను. గొలుసు. నెత్తిన టోపీ గీకేసి బట్టతల చేశాను. ఎవరని కాదు. సైన్యం వెంట సర్వేయరు ఉంటాడు కదా.

కళ్లు పెట్టడానికి కుంచె పనికిరాదు. నిమ్మముల్లు కావాలి, అదీ పచ్చిది. ఎండుముల్లు రంగును పీల్చేసుకుంటుంది. ఊపిరి బిగబట్టి, ముల్లు మొన తాకించీ తాకించకుండా తీసెయ్యాలి. కుడికన్ను కుదిరింది. ఎడమకన్ను కుదరలేదు. జయకర్ గారికీ అంతే, క్రిస్మస్ ముందు కుడికన్ను ఆపరేషనయింది, ఎడమది ఇంకా మసకే. అందుకే కదా నేను... 

ఇక్కడ ఆపుతున్నాను. పొయ్యి మీద అన్నం ఉంది.

మళ్లీ మొదలు. నేను బడికి పోలేదు. బోర్డుల మీద అక్షరాలు గీస్తూ గీస్తూ చదువు నేర్చుకున్నాను. ముందు రాయడం వచ్చింది, చదవడం తర్వాత వచ్చింది. మైలవరంలో హోటలు బోర్డు మీద ‘భోజనం’లో ఒత్తు మరిచిపోయాను. ఓనరు చూసి, “బోజనం ఏంటయ్యా?” అన్నాడు. “ఒత్తు లేకపోతే తేలిగ్గా అరుగుతుందండీ,” అన్నాను. పన్నెండేళ్లు ఆ బోర్డు అలాగే ఉంది. ఈ కథకి జయకర్ గారు నవ్వరు. “తప్పు తప్పే. దిద్ది రావలసింది,” అంటారు. ఒకసారి బల్ల మీదకి సింహం తల, ఏనుగు తొండం ఉన్న మృగాన్నొకదాన్ని తయారుచేసి తెచ్చాను. మా ఫ్రెంచివాళ్లకి ఏదో ఒక అండ ఉండాలని.

“చందుర్తిలో ఇది ఉన్నట్టు రికార్డుల్లో లేదు,” అన్నారు.

“లేనట్టూ లేదు కదండీ.”

చాలాసేపు ఆలోచించారు. “సరే, నిలబడి భయపెట్టచ్చు. కదలకూడదు,” అన్నారు. ఏడేళ్లయింది. అది ఇంతవరకూ కదల్లేదు. నేను నియమం తప్పే మనిషిని కాదని చెప్పడానికి ఇది రాశాను.

ఫిబ్రవరి 14

నూజివీడు వెళ్లాను. గొలుసుమనిషిని దూదిలో చుట్టి జేబులో పెట్టుకున్నాను.

రోజీ టీచరు గారు తలుపు తీశారు. జయకర్ గారి భార్య, నూజివీడు పిల్లల్లో సగంమందికి ఎక్కాలు నేర్పిన మనిషి. “రండి సాంబయ్య గారూ, దారి తప్పి వచ్చారా?” అన్నారు. ఆయన వరండాలో నల్లకళ్లద్దాలు పెట్టుకుని పడక్కుర్చీలో ఉన్నారు. లేవలేదు. “ఏమయ్యా, పూత ఎలా ఉంది?” అన్నారు.

“బాగుందండీ. తేనెమంచు కారుతోంది కొంచెం.”

“మందు కొట్టారా?”

“రెండుసార్లు.”

పురుగు గురించి అరగంట మాట్లాడుకున్నాం. మా ఇద్దరిలో ఒక్కరికీ సెంటు మామిడితోట లేదు.

టీ వచ్చింది. చక్కెర లేదు. ఆయన కళ్లద్దాలు తీసి, ఆపరేషనైన కంటితో నన్ను చూశారు. “ఇంకేంటి విశేషాలు? ఏమన్నా జరిగిందా అక్కడ?”

“ఏం జరుగుతుందండీ. ఏమీ జరగలేదు.”

కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నారు. “సరే అయితే,” అన్నారు.

“బల్ల అలాగే ఉందండీ. నా వంతు దగ్గర ఆగింది. మీరొస్తే...”

“వార్నిష్ ఆరిందా?”

నాకు ఒళ్లు మండింది. “నా వార్నిష్‌కి ఏమొచ్చిందండీ? నలభై ఏళ్లు...”

“మంచి వార్నిష్ సాంబయ్యా. చాలా మంచి వార్నిష్,” అన్నారు. రోజీ టీచరు గారు అదేదో జోకనుకుని నవ్వారు.

బస్సెక్కాక చూసుకుంటే బొమ్మ జేబులోనే ఉంది.

ఫిబ్రవరి 15

సరే, రాస్తాను. ఇది ఎవరూ చదవరు.

ఆ సోమవారం నా గుర్రం, చిన్నరసం (నా దండులో అందరికీ మామిడి పేర్లే. సేనాపతికి ‘కలెక్టరు’ అని పెడితే జయకర్ గారు ఒప్పుకోలేదు. కాయ పేరేనని తెలిసినా, పై ఆఫీసరు పేరుతో పరాచికాలు వద్దన్నారు), ఆయన ఫిరంగికి ఎదురుగా వచ్చి నిలబడింది. అది అందితే ఫిరంగి నాది. ఫిరంగి నాదైతే యుద్ధం నాది. పదిహేడు ఓటముల తర్వాత. కంటికే తెలుస్తోంది, పన్నెండు అంగుళాలకు కాస్త ఎక్కువుంది. అందదు. అందకుండా మధ్యలో ఆగితే ఫిరంగి నోట్లోనే ఆగినట్టు.

అప్పుడు రోజీ టీచరు గారి ఫోనొచ్చింది. షెడ్డులో రేకుల కింద మాట వినపడదు. ఆయన బయటికి చెట్టు కిందికి పోయి, మందులచీటీ ఎక్కడ పెట్టిందీ చెబుతున్నారు. నేను బల్ల దగ్గర ఉన్నాను.

గుర్రం జరిగింది.

ఎంతో కాదు. రెండంగుళాలు.

ఆయన వచ్చారు. వంగి, చెంప బల్లకి ఆనించినట్టు పెట్టి టేపు పరిచారు. “పన్నెండు,” అన్నారు. అలాగే వంగి కాసేపున్నారు. నడుం పట్టేసిందనుకున్నాను. తర్వాత సంగతి రాశాను.

చూసి ఉండరు. ఒక కన్ను మసక, రెండోదానికి ఇంకా చుక్కల మందు. కోపం వార్నిష్ మీదే.

ఫిబ్రవరి 26

రాలేదు. పిందె పడింది. సలహా: ‘పిందె రాలకుండా తేలికపాటి తడి ఇవ్వండి.’

మార్చి 9

ఎడమకన్ను మళ్లీ పెట్టాను. మళ్లీ పోయింది. గీకి మళ్లీ పెట్టాను. గొలుసుమనిషి ఇప్పుడు ఎడమకంటితో నన్ను అనుమానంగా చూస్తున్నట్టుంది. ముల్లు నాది, చెయ్యి నాది, ఎవర్నేమంటాను.

ఆదివారం కదా, చర్చి అయ్యాక ఇంట్లో ఉంటారని పదకొండున్నరకి వెళ్లాను. తాళం. పక్కింటి ఉమ గారు బట్టలారేస్తూ చెప్పారు. వాళ్లమ్మాయి షాలోమి చింతలపూడిలో టీచరు. రెండో కన్ను ఆపరేషను చేయించి తన దగ్గరే ఉంచుకుంటానని తీసుకెళ్లిందట. గురువారమే వెళ్లారట.

“మీకు చెప్పలేదాండీ?” అన్నారావిడ.

“చెప్పారు చెప్పారు. మర్చిపోయి వచ్చాను,” అన్నాను.

“మామిడి అయ్యేదాకా రారంట.”

“అవునవును,” అన్నాను.

సైకిలు మెట్ల కింద గోనె కప్పి ఉంది. ఎర్రకోటువాళ్ల పెట్టె కూడా ఇంట్లోనే ఉండి ఉంటుంది. మా పద్ధతి అది. నావాళ్ల పెట్టె నా దగ్గర, ఆయనవాళ్ల పెట్టె ఆయన దగ్గర.

మార్చి 10

పున్నమ్మ ఆకు ఊడ్చింది. ఏమీ అడగలేదు. అడిగితే బాగుండును.

మార్చి 21

లక్ష్మీనరసింహారావు గారు వచ్చి కాయ చూసుకున్నారు. ఈ ఏడు ఎండలు ముందే ముదిరాయి, తొలి కాయ ముందే దిగుతుందట.

“సాంబయ్యా, రెండో తారీకున తొలి కోత. నీ సైన్యాన్ని ఖాళీ చేయించు.”

“ఇంకా అవలేదండీ.”

“ఏది అవలేదు?”

“యుద్ధం.”

ఆయన మంచివారు, నవ్వలేదు. “ఎవరు గెలుస్తున్నారు?”

“సర్వేయరు గారు ఊళ్లో లేరండీ,” అన్నాను. దానికీ దీనికీ సంబంధం ఏమిటన్నట్టు చూశారు. అలాగే దుప్పటి మీద ఒక చెయ్యి వేసి, “జాగ్రత్తగా తియ్యి, ఎవరికీ చేతులు విరగ్గొట్టకు,” అని వెళ్లారు.

మార్చి 29

దుప్పటి తీశాను. రెండు నెలలు దాటాక.

ఎర్రవాళ్లకి పెట్టె లేదు కాబట్టి మామిడి పెట్టెలో గడ్డి పరిచి సర్దుదామని ఈ చివర నుంచి మొదలుపెట్టాను. నలభై మందిని సర్దేసరికి చిన్నరసం దగ్గరికొచ్చాను. పక్కనున్న తోపు పీకుతుంటే ఒక పూతకాడ బల్ల కిందికి జారింది. దాని కోసం వంగాను. నేను వంగే మనిషిని కాదు, నడుం ఒప్పుకోదు. వంగేసరికి కళ్లు బల్ల మట్టానికి వచ్చాయి. తలుపులోంచి ఎండ ఏటవాలుగా గుడ్డ మీద పడుతోంది.

గుర్రం వెనకాల గుడ్డ మీద గుండ్రటి మరక. రూపాయి బిళ్ల అంచంత సన్నగా, పూర్తిగా గుండ్రంగా, మెరుస్తోంది. దాని జిగటకి సన్నటి దుమ్ము పట్టింది. గుర్రం కాళ్ల కింద ఉండే గుండ్రటి పీట ఎంతుందో అంతే ఉంది.

పైనుంచి చూస్తే కనపడదు. నిలబడి చూశాను, లేదు. వంగాను, ఉంది.

గుర్రానికి పొద్దునే వార్నిష్ పూశాను. ఆరకుండానే బల్ల మీద పెట్టాను. అది ఎక్కడ నిలబడిందో అక్కడ గుర్తు పెట్టి పోయింది.

గుంట.

వార్నిష్ ఆరలేదయ్యా సాంబయ్యా. చాలా మంచి వార్నిష్.

ఆయన ఆ రోజే చెప్పారు. వరండాలో మళ్లీ చెప్పారు. ఏమన్నా జరిగిందా అని అడిగారు కూడా. నేను ఇంతకాలం నా పనితనాన్ని అవమానించారని అలిగి కూచున్నాను.

సర్దడం ఆపేశాను.

మార్చి 30

ఉగాది. పున్నమ్మ పచ్చడి తెచ్చింది. చేదు ఎక్కువైందా అని అడిగింది. సరిపోయిందన్నాను.

మార్చి 31

ఫోను చేద్దామని మూడుసార్లు తీశాను. రోజూ కనపడే మనిషికి ఫోనెందుకని ఆయన నంబరు ఎప్పుడూ నొక్కలేదు. ఫోన్లో ఏమని మొదలుపెట్టాలో తెలీదు. ‘జయకర్ గారూ, ఆ రోజు జరిగినదేమిటంటే’ అని కాగితం మీద రాసుకున్నాను. చదువుకుంటే జి. కొండూరు అన్నదమ్ముల గొంతు వినపడింది. కొట్టేశాను.

ఏప్రిల్ 2

ఎనిమిదింటికి కోతకు మనుషులు దిగారు. తోటలో కేకలు వినపడుతున్నాయి. పదకొండుకు తొలి ట్రాక్టరు. తొమ్మిదింటికి ఫోను చేశాను.

షాలోమి తీసింది. నేనెవరో చెప్పాను. “నాన్నా, మీ బొమ్మలాయన,” అంది. కాసేపు కుర్చీ కిర్రుకిర్రుమన్న చప్పుడు. ఎవరో కుర్చీలో సర్దుకుని కూచున్నట్టు.

“చెప్పు.”

“గుర్రాన్ని నేను జరిపానండీ.”

ఫోను కట్టయిందేమోనని చూశాను. లేదు.

“ఎంత?” అన్నారు.

“రెండంగుళాలండీ.”

“రెండూ పావు.”

“రెండూ పావేనండీ,” అన్నాను.

“ఇప్పుడు ఎక్కడుంది?”

“అక్కడే. మీరు వెళ్లాక ముట్టుకోలేదు.”

“వెనక్కి పెట్టు.”

ఫోను బల్ల మీద పెట్టి, వంగి, గుర్రాన్ని మరక మీద పెట్టాను. అంచుకి అంచు కలిసింది. చెప్పాను.

“నీ వంతు దగ్గర కదా ఆగింది. ఏం చేస్తావు? అక్కడే ఉంచుతావా, పోతావా?”

అక్కడే ఉంచితే గుర్రం బతుకుతుంది. కానీ కాయ వస్తోంది, ఇంకో వంతు లేదు. “పోతానండీ,” అన్నాను.

“పన్నెండే.”

“పన్నెండేనండీ.” టేపు ఆయన దగ్గర ఉంది. రేకు అచ్చుల స్కేలుతో కొలిచి జరిపాను. ఫిరంగికి రెండూ పావు ఇవతల ఆగింది.

“ఇప్పుడు నా వంతు. పేలుస్తున్నాను. నాలుగు గానీ పైన గానీ పడితే గుర్రం పోయినట్టు. పాచిక వెయ్యి.”

“నేనా అండీ?”

“అక్కడ ఇంకెవరున్నారయ్యా?”

వేశాను. బల్ల చివరిదాకా దొర్లి మృగం కాళ్ల దగ్గర ఆగింది. దగ్గరికి వెళ్లి చూశాను.

“అయిదు పడిందండీ.”

“అయిదా?”

“అయిదే.”

“గుర్రం పోయింది.”

“పోయిందండీ.”

ఆయన ఊపిరి వినపడుతోంది. వెనకాల రోజీ టీచరు గారు చుక్కల మందుకు టైమైందని పిలుస్తున్నారు. “మావాళ్లని ఎందులో సర్దుతున్నావు?” అని అడిగారు. మామిడి పెట్టెలో గడ్డి వేసి సర్దుతున్నానని చెప్పాను. “ఊఁ,” అన్నారు. వస్తాననలేదు, రాననలేదు. ఫోను పెట్టేశారు.

మిగతా ఎర్రవాళ్లని సర్దాను. గొలుసుమనిషికి ఎడమకన్ను అలాగే ఉంది, వాణ్నీ అందులోనే పెట్టాను. పెట్టె మీద రేకు అచ్చుతో ‘జయకర్ గారు’ అని వేశాను. ఒత్తులు అక్కర్లేని పేరు.

చిన్నరసాన్ని బల్ల మీంచి తీసి దూదిలో చుట్టి నా పెట్టెలో పెట్టాను. గుడ్డ మడతపెట్టాను. పదకొండుకు పది నిమిషాలుండగా ట్రాక్టరు వచ్చింది.